మెట్లు ఎక్కలేని వాళ్లకు హైదరాబాద్ మెట్రో, బస్సు ప్రయాణం: ఫోన్‌లో ముందే ప్లాన్ చేసుకోవడం ఎలా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి ఎలా వెళ్లాలని గూగుల్ మ్యాప్స్‌ని అడిగితే సెకనులో చెప్పేస్తుంది. ఎంత దూరం, ఎన్ని నిమిషాలు, ఏ స్టేషన్‌లో రైలు మారాలి, అన్నీ వచ్చేస్తాయి. దారిలో ఎన్ని మెట్లు ఉన్నాయో మాత్రం చెప్పదు.

చాలామందికి ఆ ఒక్క విషయమే ముఖ్యం. వీల్‌చైర్ వాడేవాళ్లే కాదు, మోకాళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లు, కాలు విరిగి కట్టుతో ఉన్నవాళ్లు, పోలియో వచ్చి కాలిపర్‌తో నడిచేవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, అందరిదీ ఇదే సమస్య. మా నానమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎక్కడికి వెళ్దామన్నా ఆవిడ మొదట అడిగేది "ఎన్ని మెట్లురా?" అనే. దూరం అడగదు, టైమ్ అడగదు. ఆ ప్రశ్నకు ఫోన్‌తో ఎంతవరకు జవాబు వెతకొచ్చు, ఎక్కడ ఫోన్ చేతులెత్తేస్తుంది, అక్కడ మనం ఏం చేయాలి అన్నది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వే అయినా పద్ధతి ఏ ఊళ్లో అయినా పనికొస్తుంది.

మ్యాప్‌కి లిఫ్ట్ సంగతి ఎందుకు తెలియదు?

బస్సు, మెట్రో సమాచారం మ్యాప్ యాప్స్‌కి ఎక్కువగా చేరేది జీటీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి 2005లో దీన్ని మొదలుపెట్టాయి. చూడ్డానికి ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ కనిపించదు. కామాలతో విడదీసిన కొన్ని టెక్స్ట్ ఫైళ్లు, అన్నీ కలిపి ఒక జిప్. అంతే.

అందులో స్టాప్‌ల ఫైల్‌లో ప్రతి స్టాప్‌కి పేరు, మ్యాప్ మీద దాని స్థానం ఉంటాయి. అదే ఫైల్‌లో "వీల్‌చైర్ బోర్డింగ్" అని ఒక కాలమ్ ఉంది. అక్కడ 1 అని ఉంటే వీల్‌చైర్‌తో ఎక్కే వీలు కొంతైనా ఉందని, 2 అని ఉంటే వీలు లేదని అర్థం. 0 అని ఉన్నా, ఖాళీగా ఉన్నా సమాచారం లేదని అర్థం. "పాత్‌వేస్" అని ఇంకో ఫైల్ ఉంది. స్టేషన్ లోపల గేటు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా దారిని ముక్కలు ముక్కలుగా ఇందులో రాయొచ్చు. మెట్లైతే 2, ఎస్కలేటర్ అయితే 4, లిఫ్ట్ అయితే 5. ఎన్ని మెట్లో రాయడానికి కూడా కాలమ్ ఉంది!

అంటే నానమ్మ ప్రశ్నకు జవాబు రాయడానికి ఫార్మాట్‌లో చోటు ఉంది. సమస్య ఏంటంటే ఆ కాలమ్స్ నింపడం తప్పనిసరి కాదు. రవాణా సంస్థ నింపకపోతే యాప్‌కి తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. "సమాచారం లేదు" అంటే "దారి లేదు" అని కాదు. కోడ్ రాసేవాళ్లకు నల్ వేరు, ఫాల్స్ వేరు అని తెలుసు. కానీ ప్రయాణం చేసే మనిషి ఆ రెండింటినీ ఒకేలా తీసుకుంటారు. తెలియదు కాబట్టి వద్దులే అనుకుని క్యాబ్‌కి నాలుగింతలు పెడతారు, లేదంటే ఇంట్లోనే ఉండిపోతారు. లిఫ్ట్ పెట్టి కూడా ఆ సంగతి మనిషికి చేరకపోతే, ఆ మనిషి వరకు అది లేనట్టే.

గూగుల్ మ్యాప్స్ 2018లో వీల్‌చైర్ రూట్స్‌ని లండన్, న్యూయార్క్, టోక్యో, మెక్సికో సిటీ, బోస్టన్, సిడ్నీ నగరాల్లో మొదలుపెట్టింది. మీ ఫోన్‌లో కూడా డైరెక్షన్స్ తెరిచి, ట్రాన్సిట్ ట్యాబ్‌లో ఆప్షన్స్ నొక్కితే "వీల్‌చైర్ యాక్సెసిబుల్", "తక్కువ నడక", "తక్కువ మార్పులు" లాంటివి కనిపిస్తాయి. తక్కువ నడక, తక్కువ మార్పులు బాగా పనికొస్తాయి, తప్పకుండా వాడండి. వీల్‌చైర్ ఆప్షన్ మాత్రం వెనక డేటా ఎంత ఉంటే అంతే పనిచేస్తుంది. దాని ఒక్కదాన్నే నమ్ముకుని బయల్దేరొద్దు.

స్టెప్ 1: ముందు మీ లిమిట్ రాసుకోండి

ఫోన్ కొనేముందు బడ్జెట్ ఎంత, ర్యామ్ ఎంత కావాలి అని రాసుకుంటాం కదా. ఇక్కడా అంతే. ఫోన్ నోట్స్‌లో ఈ నాలుగూ రాసుకోండి:

- ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? ఎన్ని దిగగలరు? రెండూ విడిగా రాయండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం.
- ఎంత దూరం నడవగలరు?
- కూర్చోకుండా ఎన్ని నిమిషాలు నిలబడగలరు?
- రెండు చేతులూ ఖాళీగా ఉంటాయా, లేక ఒక చేతిలో కర్ర ఉంటుందా?

ఈ నాలుగు జవాబులను బట్టి రూట్ మొత్తం మారిపోతుంది. ఉదాహరణకు పది మెట్లు మెల్లగా ఎక్కగలిగి, ఎక్కువసేపు నిలబడలేని మనిషికి రద్దీ మెట్రో కన్నా డిపో దగ్గర ఖాళీగా ఎక్కే బస్సే నయం కావొచ్చు. వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి ఒక్క మెట్టు ఉన్నా దారి మూసుకుపోయినట్టే.

స్టెప్ 2: మెట్రోలో స్టేషన్లు కాదు, లిఫ్టులు లెక్కపెట్టండి

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. ఇప్పుడు మూడు కారిడార్లు, 57 స్టేషన్లు, దాదాపు 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వరకు రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం వరకు బ్లూ లైన్, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు గ్రీన్ లైన్. మొత్తం పిల్లర్ల మీదే. కాబట్టి ఏ స్టేషన్‌కి వెళ్లినా రోడ్డు నుంచి కాన్‌కోర్స్‌కి, అక్కడి నుంచి ప్లాట్‌ఫామ్‌కి, రెండుసార్లు పైకి వెళ్లాల్సిందే.

ఇప్పుడు మన ఉదాహరణ చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారి, హైటెక్ సిటీలో దిగాలి. లిఫ్టుల లెక్క ఇలా వస్తుంది:

1. దిల్‌సుఖ్‌నగర్: రోడ్డు నుంచి కాన్‌కోర్స్
2. దిల్‌సుఖ్‌నగర్: కాన్‌కోర్స్ నుంచి ప్లాట్‌ఫామ్
3. అమీర్‌పేట: రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి, కనీసం ఒకటి
4. హైటెక్ సిటీ: ప్లాట్‌ఫామ్ నుంచి కాన్‌కోర్స్
5. హైటెక్ సిటీ: కాన్‌కోర్స్ నుంచి రోడ్డు

అంటే కనీసం ఐదు లిఫ్టులు వరసగా పనిచేయాలి. ఏ ఒక్కటి ఆగినా ప్రయాణం అక్కడితో ఆగినట్టే. ఊరికే లెక్క కోసం, ఒక్కో లిఫ్ట్ వంద రోజుల్లో 95 రోజులు పనిచేస్తుందని అనుకుందాం. వినడానికి బాగానే ఉంది కదా? ఐదూ ఒకేరోజు పనిచేసే అవకాశం మాత్రం వందలో 77కి పడిపోతుంది. ఒక్కోటి 99 రోజులు పనిచేస్తే అప్పుడు 95 రోజులు ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చు. అందుకే "మా దగ్గర లిఫ్ట్ ఉంది" అన్న మాట సరిపోదు, "ఇప్పుడు పనిచేస్తోంది" అన్న సమాచారం కావాలి. లండన్‌లో, న్యూయార్క్‌లో ఏ స్టేషన్‌లో ఏ లిఫ్ట్ ఆగిందో రవాణా సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు. అక్కడున్న మన తెలుగువాళ్లు అమ్మానాన్నలను పిలిపించుకున్నప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరే ముందే ఆ పేజీ ఒకసారి తెరిచి చూడటం మంచిది.

మనం చేయగలిగింది బ్యాకప్ పెట్టుకోవడం. ఇవి గుర్తుంచుకోండి:

- మీరు దిగాల్సిన స్టేషన్‌కి ముందు, తర్వాత ఉన్న స్టేషన్లు ఏవో చూసుకోండి. హైటెక్ సిటీకి ముందు దుర్గం చెరువు, తర్వాత రాయదుర్గం. లిఫ్ట్ ఆగిపోయిందని తెలిస్తే ఆ రెండింట్లో ఒకచోట దిగి ఆటో తీసుకోవచ్చు.
- చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫామ్‌లు ట్రాక్‌కి అటొకటి, ఇటొకటి ఉంటాయి. కాబట్టి వెళ్లేటప్పుడు వాడిన ప్లాట్‌ఫామ్ లిఫ్ట్, వచ్చేటప్పుడు వాడే లిఫ్ట్ ఒకటి కాకపోవచ్చు. రిటర్న్ దారిని విడిగా చూసుకోండి.
- బ్లూ లైన్ నుంచి గ్రీన్ లైన్‌కి మారాలంటే పరేడ్ గ్రౌండ్ స్టేషన్ల మధ్య స్కైవాక్ మీద నడవాలి. నడక కష్టమైనవాళ్లు నాగోల్ వైపు నుంచి ఎంజీబీఎస్ వెళ్లాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి అక్కడ రెడ్ లైన్‌కి మారే దారి కూడా ఒకసారి పోల్చి చూసుకోండి. టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ ఆ టైమ్‌లో ఎక్కువ భాగం సీట్లో కూర్చునే ఉండొచ్చు.
- టికెట్ గేట్లలో వెడల్పుగా ఉండేది ఒకటి ఉంటుంది. వీల్‌చైర్, వాకర్ ఉన్నవాళ్లు నేరుగా దాని దగ్గరికి వెళ్లండి.
- వాకర్‌తో, వీల్‌చైర్‌తో ఎస్కలేటర్ ఎక్కొద్దు. పక్కన ఎవరో పట్టుకుంటారని కూడా ఎక్కొద్దు.

మెట్రోలో పెద్ద సుఖం ఏంటంటే, ప్లాట్‌ఫామ్ దాకా చేరితే తర్వాత మెట్టు ఉండదు. రైలు ఫ్లోర్, ప్లాట్‌ఫామ్ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి, మధ్యలో చిన్న సందు మాత్రమే. తలుపులు కొన్ని సెకన్లే తెరిచి ఉంటాయి కాబట్టి ఆఫీసు టైమ్ తప్పించి వెళ్లగలిగితే సగం ఇబ్బంది తగ్గుతుంది.

స్టెప్ 3: ఇంట్లో కూర్చునే రెక్కీ చేయండి

స్టేషన్ పిన్ నొక్కితే మ్యాప్ మిమ్మల్ని స్టేషన్ మధ్యకి తీసుకెళ్తుంది. లిఫ్ట్ ఉండేది మాత్రం రోడ్డు పక్కన ఏదో ఒక మూల. రోడ్డుకి అటు దిగి ఇటు రావాలంటే మధ్యలో డివైడర్, ట్రాఫిక్. కాబట్టి లిఫ్ట్ ఏ వైపు ఉందో ముందే తెలియాలి.

మన దేశంలో స్ట్రీట్ వ్యూ 2022 జూలైలో తిరిగి వచ్చింది. మొదటి పది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మ్యాప్స్‌లో స్టేషన్ దగ్గర స్ట్రీట్ వ్యూ తెరిచి రోడ్డు వెంట ముందుకు వెళ్తూ చూడండి. లిఫ్ట్ ఎక్కడ ఉంది, ఆటో ఆగడానికి చోటు ఉందా, ఫుట్‌పాత్ ఎంత ఎత్తు, మధ్యలో స్తంభమో బండ్లో అడ్డం ఉన్నాయా అన్నది ఓ అంచనా వస్తుంది. ఫొటో తీసిన నెల, సంవత్సరం కూడా చూడండి. పాతదైతే అంతగా నమ్మొద్దు.

తర్వాత ఆ స్టేషన్ రివ్యూల్లో సెర్చ్ బటన్ నొక్కి "లిఫ్ట్" అని వెతకండి, ఇంగ్లిష్‌లో కూడా వెతకండి. లిఫ్ట్ ఉన్న చోటు ఖాయం అయ్యాక మ్యాప్ మీద అక్కడే వేలు నొక్కిపట్టి పిన్ పెట్టండి. "దిల్‌సుఖ్‌నగర్ లిఫ్ట్" అని పేరుపెట్టి సేవ్ చేసుకోండి. ఇలాంటి పిన్‌లన్నీ ఒకే లిస్ట్‌లో పెట్టి ఇంట్లోవాళ్లకు షేర్ చేస్తే, ఎవరు తోడు వెళ్లినా పనికొస్తుంది. క్యాబ్ బుక్ చేసేటప్పుడు కూడా స్టేషన్ పేరు బదులు ఈ పిన్‌నే పికప్ పాయింట్‌గా పెట్టండి.

స్టెప్ 4: బస్సు విషయంలో చూడాల్సింది ఎత్తు

కేంద్రం సిటీ బస్సులకు పెట్టిన ప్రమాణాల్లో ఫ్లోర్ ఎత్తు మూడు రకాలుగా ఉంటుంది: 400, 650, 900 మిల్లీమీటర్లు. 400 అంటే లో ఫ్లోర్, ఒక్క అడుగుతో లోపలికి వెళ్లొచ్చు. 900 అంటే దాదాపు మూడు అడుగుల ఎత్తు, మెట్లు తప్పవు. బస్సు ఏసీదా, ఎలక్ట్రిక్‌దా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. కొత్త ఎలక్ట్రిక్ బస్సు కదా, లో ఫ్లోర్ అయి ఉంటుందిలే అనుకోవద్దు.

బస్సు బే దగ్గరికి రాకుండా రోడ్డు మధ్యలో ఆగితే ఇంకో చిక్కు. ఫుట్‌పాత్ మీద నుంచి ఎక్కితే కలిసొచ్చే ఆరంగుళాలు పోతాయి, మొదటి మెట్టు అంత ఎత్తు పెరిగినట్టే.

ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చిన గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో లైవ్‌లో చూడొచ్చు. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు దీని అసలు ఉపయోగం ఏంటంటే, బస్సు వచ్చేదాకా నీడలో ఎక్కడో కూర్చోవచ్చు. బస్సు ఎంత ఎత్తు అన్నది మాత్రం కళ్లతో చూసుకోవాల్సిందే. రోజూ వెళ్లే రూట్ అయితే ఏ టైమ్‌కి ఎలాంటి బస్సు వస్తోందో ఓ వారం నోట్ చేసుకోండి.

ఇంకో చిట్కా: వీలైతే రూట్ మొదలయ్యే స్టాప్‌లోనే ఎక్కండి. బస్సు అక్కడ కాసేపు ఆగి ఉంటుంది, తొందర ఉండదు, సీటు దొరుకుతుంది. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సుల్లో రద్దీ పెరిగింది. మధ్య స్టాప్‌లో ఎక్కి, రిజర్వ్‌డ్ సీటు దాకా జనంలోంచి వెళ్లడం కర్ర పట్టుకున్న మనిషికి చిన్న విషయం కాదు.

ఎంఎంటీఎస్ రైళ్లు 2003 నుంచి నడుస్తున్నాయి, టికెట్ చాలా చవక. ఇక్కడ ప్లాట్‌ఫామ్ మారడానికి ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కాల్సి రావడమే పెద్ద అడ్డంకి. ఏ వైపు రోడ్డు నుంచి వెళ్తే మీ ప్లాట్‌ఫామ్‌కి నేరుగా చేరొచ్చో ముందే కనుక్కోండి. టికెట్ క్యూలో నిలబడకుండా 2025 జూలైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు.

స్టెప్ 5: ఆటో, క్యాబ్ డ్రైవర్‌కి ముందే మెసేజ్

మెట్రో ఎంత బాగున్నా ఇంటి నుంచి స్టేషన్ దాకా, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా వెళ్లాలి కదా. క్యాబ్‌తో వచ్చే మామూలు సమస్య డిక్కీ. సీఎన్‌జీ బండి అయితే సిలిండరే డిక్కీలో సగం తినేస్తుంది, మడతపెట్టే వీల్‌చైర్‌కి చోటుండదు. బండి వచ్చాక వాదించుకునే బదులు బుక్ అవ్వగానే యాప్ చాట్‌లో ఇలా పంపండి:

"అన్నా, మాతో మడతపెట్టే వీల్‌చైర్ ఉంది. డిక్కీలో సిలిండర్ ఉందా? చైర్ పడుతుందా? ఎక్కడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది."

కీబోర్డ్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ షార్ట్‌కట్‌గా పెట్టుకుంటే రెండు అక్షరాలు కొట్టగానే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది.

ఫోన్‌లో ఈ సెట్టింగ్స్ సరిచేసుకోండి

- టికెట్: ఒక చేతిలో కర్ర ఉంటే గేటు దగ్గర ఫోన్ తీసి, లాక్ తెరిచి, క్యూఆర్ వెతకడం కష్టం. తరచూ వెళ్లేవాళ్లకు మెట్రో స్మార్ట్ కార్డే సుఖం. క్యూఆర్ వాడితే లిఫ్ట్‌లో ఉన్నప్పుడే స్క్రీన్ మీద తెరిచి పెట్టుకోండి.
- ఫోన్ తాడు: మెడలో వేసుకునే ఫోన్ ల్యాన్‌యార్డ్ మంచి యాక్సెసరీ. కింద పడ్డ ఫోన్ తీయడానికి వంగలేని వాళ్లకు ఇది తప్పనిసరి.
- లైవ్ లొకేషన్: వాట్సాప్‌లో 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అని మూడు ఆప్షన్లు ఉంటాయి. ఒంటరిగా వెళ్తుంటే 8 గంటలది పెట్టండి.
- ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్: సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలో ఆన్ చేసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే పనిచేస్తుంది.
- పవర్ బ్యాంక్: టికెట్, మ్యాప్, క్యాబ్, సాయం అన్నీ ఫోన్‌లోనే ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోతే దారిలో ఇరుక్కున్నట్టే. చిన్నదైనా ఒకటి ఉంచుకోండి.
- ర్యాంప్ వాలు కొలవండి: వీల్‌చైర్ ర్యాంప్ 1కి 12 నిష్పత్తిలో ఉండాలన్నది ప్రమాణం. అంటే ఆరంగుళాల ఎత్తుకు ఆరడుగుల పొడవు కావాలి, వాలు 5 డిగ్రీల లోపు ఉండాలి. ఐఫోన్ మెజర్ యాప్‌లోని లెవెల్‌తో, ఆండ్రాయిడ్‌లో ఏదైనా క్లైనోమీటర్ యాప్‌తో కొలవొచ్చు. కెమెరా బంప్ వల్ల తేడా రాకుండా ఫోన్‌ని పొడవాటి అంచు మీద నిలబెట్టి కొలవండి. 10 డిగ్రీలు చూపిస్తే ఆ ర్యాంప్ పేరుకే ఉన్నట్టు, సాయం లేకుండా ఎక్కొద్దు.

ఇది ఎవరి దయ కాదు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం బస్ స్టాప్‌లు, స్టేషన్లు, బస్సులు, రైళ్లు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. కానీ 2017లో వచ్చిన నిబంధనల్లో చాలా ప్రమాణాలు సలహాల్లాగే ఉండిపోయాయి. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఆ నిబంధన చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు తీసుకురావాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక తయారైంది హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలోనే. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లిఫ్ట్ పనిచేయడం లేదని కంప్లయింట్ ఇచ్చేటప్పుడు మొహమాటపడక్కర్లేదు. స్టేషన్ పేరు, గేటు, తేదీ, టైమ్, ఫొటో పెట్టి యాప్‌లోనో మెయిల్‌లోనో ఇవ్వండి. నోటిమాట కన్నా టైమ్‌తో ఉన్న ఫొటోకి విలువ ఎక్కువ.

ఖాళీ కాలమ్ మనమే నింపొచ్చు

రవాణా సంస్థ నింపేదాకా ఆగక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు. అందులో లిఫ్ట్‌కి, మెట్ల సంఖ్యకి, ఫుట్‌పాత్ అంచు ఎత్తుకి, వీల్‌చైర్ వెళ్తుందా లేదా అన్నదానికి ట్యాగ్స్ ఉన్నాయి. ఆ డేటానే వాడుకుని వీల్‌మ్యాప్ అనే సైట్ ఏ చోటికి వీల్‌చైర్‌తో వెళ్లొచ్చో రంగుల్లో చూపిస్తుంది. జర్మనీలో 2010లో మొదలైన ఆ సైట్ మన ఊళ్లకూ పనిచేస్తుంది, డేటా ఉంటే చాలు.

ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకోండి. మీరున్న చోట మ్యాప్‌కి తెలియని విషయాలను చిన్న చిన్న ప్రశ్నల్లా అడుగుతుంది. "ఇక్కడ ఎన్ని మెట్లు ఉన్నాయి?", "ఈ మెట్ల పక్కన ర్యాంప్ ఉందా?" లాంటివి. జవాబు నొక్కితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరిపోతుంది. కోడింగ్ రావాల్సిన పని లేదు.

రేపు ఆఫీసుకి వెళ్తూ మీ స్టేషన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. లిఫ్ట్ ఏ వైపు ఉందో చూసి, మెట్లు లెక్కపెట్టి, యాప్‌లో ఎక్కించండి. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆ లిఫ్ట్ తలుపు ఫొటో ఒకటి, గేటు పేరు రాసి అప్‌లోడ్ చేయండి. మళ్లీ ఎవరో ఒకరు ఆ స్టేషన్ రివ్యూల్లో "లిఫ్ట్" అని వెతికినప్పుడు వాళ్లకు ఖాళీ పేజీ కాకుండా ఓ జవాబు కనిపిస్తుంది.